మ్యూటెక్స్‌తో ఎనిమిదేళ్లు: ప్రోగ్రామ్ ఇప్పటికే నడుస్తోందా అని తెలుసుకోవడం

మందుల టోకు దుకాణాల కోసం నేను సీ షార్ప్‌లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను ఒకే కంప్యూటర్‌లో రెండుసార్లు తెరిస్తే ఒకే నంబరు రెండు బిల్లులకు పడేది. దాన్ని ఆపడానికి ఎనిమిదేళ్లుగా విండోస్‌లో పేరు పెట్టిన మ్యూటెక్స్‌ను, అంటే ఒకసారికి ఒక్కరికే దక్కే తాళం లాంటిదాన్ని, వాడుతున్నాను.

అంతకుముందు లాక్ ఫైలు (ప్రోగ్రామ్ తెరిచినప్పుడు సృష్టించి, మూసినప్పుడు చెరిపే గుర్తు ఫైలు) వాడేవాణ్ణి. కరెంటు పోతే ఆ ఫైలు అలాగే మిగిలిపోయి, మర్నాడు ప్రోగ్రామ్ తెరుచుకోనని మొండికేసేది; దాన్ని ఎక్కడ వెతికి చెరపాలో ఫోనులో చెప్పడంతోనే నాకు చాలా ఉదయాలు గడిచాయి. ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) జాబితాలో పేరు వెతకడం అంతకన్నా అధ్వానం: గుమాస్తా తొందరలో ఐకాన్‌ను వెంటవెంటనే నొక్కితే రెండు ప్రతులూ ఒకదాన్నొకటి చూసుకుని రెండూ మూసుకునేవి.

మ్యూటెక్స్‌లో ఈ రెండు బాధలూ లేవు. ఆ పేరుతో మ్యూటెక్స్ ముందే ఉందో లేదో చూడటం, లేకపోతే సృష్టించడం విండోస్ గుండెకాయ అయిన కెర్నల్ ఒకే అడుగులో చేస్తుంది కనుక ఇద్దరికీ ‘నువ్వే మొదటివాడివి’ అనే జవాబు రాదు. ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోయినా దాని హ్యాండిళ్లను (మ్యూటెక్స్ లాంటివాటిని ప్రోగ్రామ్ పట్టుకునే పిడులను) విండోసే మూసేస్తుంది. చివరి హ్యాండిల్ మూసుకోగానే మ్యూటెక్స్ కూడా పోతుంది.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం గార్బేజ్ కలెక్టర్, అంటే ప్రోగ్రామ్ ఇక వాడనివాటిని మెమరీ నుంచి తొలగించే ఏర్పాటు. మ్యూటెక్స్‌ను మెయిన్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్‌లో) స్థానిక చలరాశిగా (ఆ ఫంక్షన్‌కే పరిమితమైన వేరియబుల్‌గా) ఉంచాను. తప్పులు వెతకడానికి వాడే డీబగ్ బిల్డ్‌లో అంతా సవ్యంగానే ఉంది కానీ, దుకాణాలకు ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో ఆ చలరాశిని తరువాత ఎక్కడా వాడటం లేదని కలెక్టర్ దాన్ని ఊడ్చేయడంతో, దుకాణంలో కాసేపు గడిచాక రెండో ప్రతి నిక్షేపంగా తెరుచుకునేది. దాన్ని ప్రోగ్రామ్ ముగిసేదాకా నిలిచే స్టాటిక్ ఫీల్డ్‌గా మార్చాక మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ (చాలామంది దూరం నుంచి ఎవరి సెషన్‌లో వారు లాగిన్ అయి వాడే ఒకే కంప్యూటర్) మీద నడిపేవారు మరో సంగతి గమనించాలి. పేరు ముందు ‘గ్లోబల్’ చేర్చకపోతే ఆ పేరు ఒక్క సెషన్‌కే పరిమితం. చేరిస్తే, పక్క సెషన్‌లో తనకు కనిపించని ప్రోగ్రామ్ నడుస్తోందన్న సందేశం చూసి రెండో గుమాస్తా తెల్లబోతాడు. నేను చేర్చలేదు. సెషన్‌లైనా, వేరే కంప్యూటర్లైనా బిల్లు నంబరు తిరిగి పడకుండా కాపాడాల్సింది డేటాబేస్‌లోని యూనిక్ నిబంధనే అని కాస్త ఆలస్యంగా గ్రహించి దాన్నీ పెట్టాను.

ఇక మిగిలిన లోటు, పాత విండోను ముందుకు తెచ్చే పని మ్యూటెక్స్ చేయకపోవడం. ‘ఇప్పటికే నడుస్తోంది’ అన్న పెట్టె చూపిస్తే గుమాస్తా ఓకే నొక్కి మళ్లీ ఐకానే నొక్కుతున్నాడు కనుక, ఇప్పుడు ఆ పెట్టె తీసేసి, టాస్క్‌బార్‌లో ముడుచుకున్న విండోను వెతికి తెరిచే కోడ్‌ను విడిగా రాసుకున్నాను.