ఆర్‌ఓ ఫిల్టర్ బాగుంది, సర్వీసుతోనే తలనొప్పి
మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్, హైదరాబాద్‌లో. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల కొలత) 900 దాకా చూపిస్తుంది కాబట్టి ఆర్‌ఓ ఫిల్టర్ తప్పలేదు. మెషిన్‌కి వంక పెట్టడానికేం లేదు, నీళ్ల రుచి బాగుంది, టీ మీద తెట్టు కట్టడం పోయింది, గిన్నెల అడుగున తెల్లటి పొర కూడా లేదు.

తలనొప్పంతా కంపెనీ సర్వీసుతోనే. వచ్చిన కుర్రాడు మీటరైనా పెట్టకుండా "మెంబ్రేన్ పోయిందండీ, ఏఎంసీ తీసేసుకోండి" అని మొదలుపెట్టాడు (మెంబ్రేన్ అంటే లోపల ఉప్పుని వడకట్టే పొర, ఏఎంసీ అంటే ఏడాది సర్వీసు కాంట్రాక్టు). ముందు టీడీఎస్ చూపించు బాబూ అంటే 70 వచ్చింది! 900ని 70కి దించుతున్న మెంబ్రేన్ పోయినట్టు ఎలా అవుతుంది? చివరికి మార్చాల్సింది బయట ఉండే, మట్టీ మడ్డీ ఆపే సెడిమెంట్ ఫిల్టర్ ఒక్కటే, అది మామూలు షాపుల్లోనే దొరుకుతుంది, విప్పి బిగించడం మనమే చేసుకోవచ్చు.

వృథా నీళ్లు మాత్రం బాగా పోతాయి, తాగే నీళ్ల కంటే ఎక్కువే. బకెట్‌లో పట్టి బాత్రూమ్ కడగడానికి వాడుతున్నాం (మొక్కలకు పోయకండి, ఉప్పు ఎక్కువ). మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లు కొనేముందు టీడీఎస్ చూసుకోండి, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగే నీళ్లకి 500 లోపు ఉంటే సరిపోతుంది, అలాంటప్పుడు ఆర్‌ఓ దండగే, క్రిముల్ని చంపే యూవీ ఫిల్టర్ చాలు.