అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్: వైజాగ్ ఎండల్లో కొన్నేళ్లు నడిపాక

మాది అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ బండి. పాత ఫ్యాన్ తీసేసి మారుతి 800 రేడియేటర్ ఫ్యాన్ పెట్టించుకుని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఫ్యాన్ బాగుంది. కానీ బండి హీటెక్కడం తగ్గింది ఒక్క ఫ్యాన్ వల్లే కాదు.

పాత ఫ్యాన్ బెల్టు మీద తిరిగేది. ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది. ఎన్‌ఏడీ జంక్షన్‌లోనో, గాజువాకలో లారీల వెనకో ఇరుక్కుంటే, సరిగ్గా గాలి కావలసినప్పుడే బద్ధకించేది. మే నెలలో గేజ్ ముల్లు పైకి పాకుతుంటే ఒకటే టెన్షన్. కొత్తది అలా కాదు, నీళ్లు వేడెక్కగానే స్విచ్ పడి ఫుల్ స్పీడులో తిరుగుతుంది. ఆనందపురం వైపు హైవే ఎక్కితే మాత్రం దానికి పనే ఉండదు, ఎదురుగాలి చాలు.

చిక్కల్లా కరెంటుతోనే. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, దాదాపు ఛార్జింగ్ ఇవ్వదు, ఫ్యాన్ తిరిగేదేమో అప్పుడే. అందుకని దాని బదులు ఐడిలింగ్‌లోనూ ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ కూడా వేయించాను. ఫ్యాన్‌కన్నా దానికే ఎక్కువ ఖర్చయింది. ఫ్యాన్ కరెంటు మోసే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), విడిగా ఫ్యూజు తప్పనిసరి.

వీటన్నిటికన్నా ముందు రేడియేటర్ కోర్, అంటే నీళ్లు పారి చల్లబడే ట్యూబుల భాగం, మార్పించాను. పాత కోర్ ట్యూబులు బోరు నీళ్ల ఉప్పుతో పూడిపోయాయి, పైన ఫిన్స్‌ని (పల్చటి రేకుల్ని) సముద్రపు గాలి తినేసింది. ఇంజన్ బ్లాకు కడిగిస్తే ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి. ఈ పని చేయించకుండా ఏ ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగే. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోస్తున్నాను. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకోండి. మూత 7 పీఎస్ఐ ప్రెషర్ పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా 110 డిగ్రీల దాకా మరగవు.

"థర్మోస్టాట్ పీకేద్దాం సార్, చల్లగా ఉంటది" అన్నాడు మెకానిక్. ఇంజన్ వేడెక్కే దాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు అది. ఒప్పుకోలేదు. అది లేకపోతే ఇంజన్‌కి సరైన వేడి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు మీద ఎక్కేటప్పుడు ముల్లు సగం దాటుతుంది, అక్కడే నిలబడుతుంది. అరకు దాకా మధ్యలో ఆపి నీళ్లు పోసే పని తప్పింది.

ఆదివారం బీచ్ రోడ్డులో తిప్పే బండికైతే కోర్, మూత, బెల్టు చూసుకుంటే చాలు, ఇంత ఖర్చు అక్కర్లేదు. ఒక్క ఇబ్బంది చెప్పాలి: ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. "బండి ఆఫ్ చేయలేదు సార్" అని వాచ్‌మన్ ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు.