వర్జీనియా పీత ప్లేటు, ఎనిమిదేళ్ళ తర్వాత

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో కారున్న మనవాళ్ళకి బొమ్మల నంబరు ప్లేట్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రెండొందలకి పైగా డిజైన్లున్నాయి, డీఎంవీ (ఇక్కడి ఆర్టీవో ఆఫీసు లాంటిది) సైట్ తెరిచి చూస్తూ కూర్చుంటే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది, కాబట్టి రంగులూ రకాలూ వదిలేస్తున్నా. నాది చెసపీక్ ప్లేటు, అదే, పీత బొమ్మది. పెట్టించుకుని ఎనిమిదేళ్ళు దాటింది. ఈ ఎనిమిదేళ్ళలో దాని గురించి నలుగురికీ చెప్పుకున్న గొప్పల్లో సగం నేనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు మంచి చెప్తా. మాది నరసాపురం పక్కన. గోదారి వాడికి కారు మీద పీత కనిపిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు, ఎయిర్‌పోర్టు పార్కింగులో నేను డిక్కీలో సామాను సర్దుతుంటే, వంగి ప్లేటు చూసి "ఇదేంట్రా, కారుకి పీతని అంటించావు?" అంది. ఇక్కడ చెసపీక్ బే అని పెద్ద సముద్రపాయ ఉందమ్మా, అందులో పీతలు బాగా ఉంటాయి, ఆ నీళ్ళు బాగుచేయడానికి ఈ ప్లేటు మీద ఏటా పాతిక డాలర్లు కడుతున్నా అని చెప్పా. "మన ఊరి కాలవకి ఎప్పుడైనా కట్టావా?" అంది. నేను సూట్‌కేసు చక్రం ఏదో ఇరుక్కున్నట్టు కిందకి వంగిపోయా.

ఆఫీసు పార్కింగులో పీత చాలా ఉపయోగం. అన్నీ బూడిదరంగు ఎస్‌యూవీలే, మనది ఏదో దూరం నుంచే తెలిసిపోతుంది. ముందు ప్లేటు మాత్రం చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కొట్టుకుని బాగా దెబ్బతింది, పీతకి ఎడమవైపు రెండు కాళ్ళు రంగు వెలిసిపోయాయి, స్క్రూ చుట్టూ తుప్పు. వెనకది పర్వాలేదు.

ఇక పాతిక డాలర్లు. ఈ ప్లేటు పెట్టించుకున్న కొత్తలో మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టా, మీరు కట్టే ప్రతి పైసా బేకే వెళ్తుంది, తీసుకోండి అని. నలుగురు తీసుకున్నారు కూడా. రెండేళ్ళ తర్వాత తెలిసింది, పాతికలో 15 డాలర్లే బే పునరుద్ధరణ నిధికి వెళ్తాయి, మిగతా పది రాష్ట్రం ఉంచుకుంటుంది. అది కూడా మొదటి 1,000 రిజిస్ట్రేషన్లు దాటాకే. పీత ప్లేటు 1992 నుంచి ఉంది, ఆ వెయ్యి ఎప్పుడో దాటేసింది కాబట్టి నా పదిహేనూ పోతోంది. ఆ నిధి నుంచి చిన్న చిన్న సంస్థలకి గ్రాంట్లు ఇస్తారు, వాననీళ్ళు ఏ వాగుల మీదుగా బేలోకి చేరతాయో స్కూలు పిల్లలకి పాఠాలు, ఒడ్డున మొక్కలు నాటడం లాంటి పనులకి. మంచిదే. కానీ ఆ నలుగురికీ నేను ఇంతవరకూ సవరణ పెట్టలేదు.

పది డాలర్ల దగ్గరే ఆగి ఉంటే నేను ఈ సమీక్ష రాసేవాణ్ణి కాదు. నా అసలు కడుపుమంట 450 మీద.

మేమో ముప్పై కుటుంబాలు కలిసి నెలకోసారి ఇల్లు లేనివాళ్ళుండే షెల్టర్లకి భోజనాలు పంపుతుంటాం. పేరు అనవసరం. ఒక శనివారం పప్పు ప్యాక్ చేస్తూ నా నోరు ఊరుకోక, మనకీ ఒక ప్లేటు ఉంటే బాగుంటుంది, ఏటా డబ్బు దానంతటదే వస్తుంది కదా అన్నా. అందరికీ నచ్చేసింది. డిజైన్ కూడా ఆ సాయంత్రమే అయిపోయింది, అరిటాకు మీద అన్నం ముద్ద. మా పక్కింటి ఇంజినీరు గారు అన్నం తెల్లగా ఉంటే రాత్రిపూట అంకెలు చదవడానికి ఇబ్బంది అవుతుందని అభ్యంతరం చెప్పి, పులిహోర చేయమన్నారు. అంత దూరం ఆలోచించాం.

పద్ధతి ఇది. వర్జీనియాలో ఒక సంఘానికి ప్లేటు కావాలంటే డీఎంవీ తనంతట తాను ఇవ్వదు, రాజధాని రిచ్‌మండ్‌లో రాష్ట్ర శాసనసభ దానికోసం బిల్లు పాస్ చేయాలి, ఒక్కో ప్లేటుకీ ఒక్కో చట్టం అన్నమాట. దాంతోపాటు ముందుగానే డబ్బు కట్టిన దరఖాస్తులు 450 చూపించాలి. ఇదివరకు 350 ఉండేది, పెంచారు. మేము మా డెలిగేట్ (అంటే మన ఎమ్మెల్యే లాంటి ఆయన) ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా, ముందు దరఖాస్తులు తీసుకురండి, జనవరిలో సభ మొదలయ్యేలోపు అయితే మంచిది, బిల్లు సంగతి తర్వాత చూద్దాం అంది. 450 ఏముందిలే అనుకున్నాం. దీపావళి మేళాకి మూడు వేలమంది వస్తారు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది అని లెక్క.

మేళాలో టేబుల్ వేశాం. మిర్చిబజ్జీ స్టాల్ పక్కన ఇచ్చారు, జనం బానే వచ్చారు. "సూపర్ ఐడియా అన్నా, తప్పకుండా తీసుకుంటాం." ఈ మాట ఆ రోజు కనీసం వందసార్లు విన్నా. ఫారం చేతికిస్తే కథ మొదలు. అందులో కారు వివరాలు రాయాలి. తన కారు నంబరు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? "కార్లో రిజిస్ట్రేషన్ కార్డు ఉంది, ఇప్పుడే తెస్తా" అని పార్కింగు వైపు వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొందరిది లీజు కారు, వచ్చే మార్చిలో తిరిగి ఇచ్చేస్తారట. చెక్కుబుక్కు జేబులో పెట్టుకుని మేళాకి వచ్చే మనిషి ఎక్కడున్నాడు? ఫోన్లో పంపుతాం అంటారు, అలా పంపినవి ఎవరి ఖాతాలోకి, ఎవరి లెక్కలోకి అని మా కోశాధికారికి టెన్షన్. పైగా వచ్చినవాళ్ళలో సగం మంది పొటోమాక్ అవతల మేరీల్యాండ్ వాళ్ళు. ఉత్సాహమంతా వాళ్ళదే, కానీ వాళ్ళ కారుకి వర్జీనియా ప్లేటు ఎలా పడుతుంది? ఒకాయన అయితే నేను వర్జీనియాకి మారిపోదామనే అనుకుంటున్నా, ఫారం ఉంచండి అన్నారు.

ఆ రాత్రి లెక్కపెడితే 41.

తర్వాత గుడి దగ్గర ఆదివారాలు, పిల్లల బాస్కెట్‌బాల్ దగ్గర, ఉగాది పచ్చడి గిన్నె పక్కన, ఎక్కడ పడితే అక్కడ ఫారాలు పట్టుకుని తిరిగాం. నన్ను చూస్తే జనం ఎల్‌ఐసీ ఏజెంట్‌ని చూసినట్టు పక్కకి తప్పుకునే దశ వచ్చింది. పదకొండు నెలలకి 187. ఈలోగా ముందు ఇచ్చిన చెక్కులకి ఆరు నెలలు దాటిపోయాయి, మళ్ళీ రాయించుకోవాలి. ఇచ్చినవాళ్ళలో ఇరవైమంది దాకా ప్రాజెక్టు మారి డల్లస్‌కో షార్లెట్‌కో వెళ్ళిపోయారు. మనవాళ్ళని నమ్ముకుని ఏడాదిపాటు ఒకే రాష్ట్రంలో 450 మందిని పట్టి ఉంచడం అయ్యే పని కాదని అప్పటికి అర్థమైంది.

ఒక్కో బొమ్మకి ఒక్కో బిల్లు ఎందుకురా బాబూ అని చిరాకేసి కొంచెం చదివా, నిజం చెప్పాలంటే చదివాక చిరాకు కొంత తగ్గింది. 1999లో ఇక్కడ కాన్ఫెడరేట్ సైనికుల, అంటే అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం ఉండాలన్న దక్షిణాది రాష్ట్రాల తరఫున పోరాడినవాళ్ళ, వారసుల సంఘానికి ప్లేటు ఇస్తూ, ఆ కాన్ఫెడరేట్ జెండా ఉన్న గుర్తు మాత్రం ఉండకూడదని శాసనసభ షరతు పెట్టింది. వాళ్ళు కోర్టుకి వెళ్ళి గెలిచారు, జెండాతోనే ప్లేట్లు వచ్చాయి. 2015 జూన్ 18న టెక్సాస్‌లో ఇలాంటి జెండా ప్లేటు మీదే వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 5-4తో, ప్లేటు మీద ఉన్నది ప్రభుత్వం మాటే, నచ్చని డిజైన్ కాదనే హక్కు ప్రభుత్వానికి ఉంది అని తేల్చింది. ఆ ముందు రోజు రాత్రే సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, నల్లజాతి వాళ్ళ చర్చిలో తొమ్మిదిమందిని ఒకడు కాల్చి చంపాడు, వాడు అదే జెండా పట్టుకుని దిగిన ఫొటోలు బయటపడ్డాయి. ఆ వారంలోనే అప్పటి మన గవర్నర్ మెకాలిఫ్ ఆ జెండా ప్లేట్లు తీసేయమన్నారు. ఇప్పుడు మా ఆఫీసు పార్కింగులో అబార్షన్ వద్దనే ప్లేటూ, ఆ నిర్ణయం ఆడవాళ్ళకే వదిలేయమనే ప్లేటూ రెండూ కనిపిస్తాయి, రెండిటికీ ఇదే శాసనసభ బిల్లు పాస్ చేసింది. మనకైతే పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా అని నంబరు ప్లేటు మీద రాసుకోవడానికి ఏ బిల్లూ అక్కర్లేకపోయింది, చలానా వస్తే అప్పుడు చూసుకుంటాం. సరే, అది వేరే సంగతి.

450 అంకె మీద కోపం మాత్రం పోలేదు. ఎందుకంటే 450 తెచ్చినా మొదటి ఏడాది సంఘానికి పైసా రాదు, వెయ్యి దాటాక కదా పదిహేను మొదలయ్యేది. ఇంత చిన్న లెక్క నేను మొదటి శనివారమే వేయాల్సింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ పదకొండు నెలలు పట్టింది. 187 మంది చేతిలో ఉన్న పాతికలు నేరుగా కలిపితే 4,675 డాలర్లు. బియ్యం బస్తాల్లో చెప్తే మా ఆవిడ ఇంకా తిడుతుంది.

చెక్కులు తిరిగి ఇచ్చేటప్పుడు సిగ్గుపడుతూనే ఒక చీటీ జతచేశాం, ప్లేటు రావడం లేదు, ఇష్టమైతే ఇదే డబ్బు భోజనాలకి ఇవ్వండి అని. అరవైమంది ఇచ్చారు. ఒకావిడ వంద రాసి, ఫారం నింపడం కన్నా ఇదే సులువుగా ఉంది బాబూ అని చీటీ వెనకాల రాసి పంపింది. ఆ చీటీ మా కోశాధికారి ఫ్రిజ్ మీద ఉంది.

పెట్టించుకోవచ్చా అని అడిగేవాళ్ళకి నా మాట ఇంతవరకే. ఉన్న ప్లేటుల్లో నచ్చింది తీసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, మీరు ఇక్కడే స్థిరపడి, ఏటా పాతిక అదనం మీకు లెక్కలోకి రాకపోతే. పేరో మాటో కూడా రాయించుకుంటే ఇంకో పది. రెండేళ్ళకోసారి రాష్ట్రం మారే ఉద్యోగమైతే నేనైతే తీసుకోను. మీ సంఘం కోసం కొత్త ప్లేటు తేవాలనుకుంటే, పెద్ద కాలేజీ పూర్వ విద్యార్థులో, రాష్ట్రమంతా శాఖలున్న సంస్థో అయితే సాధ్యమేమో, ఒక పట్టణంలో ముప్పై కుటుంబాలు అయితే మా 187 గుర్తుపెట్టుకోండి. మా ఆవిడ కారుకి మామూలు ప్లేటే, అడిగితే నవ్వుతుంది.

మొన్న రెన్యూవల్ వచ్చింది. పీతకి మళ్ళీ పాతిక కట్టా. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్తే, "కాలవ పూడిక తీయిస్తున్నారు, ఇంటికి ఐదొందలు వసూలు చేస్తున్నారు, నీ పేరు మీదా రాయించమంటావా?" అంది. రాయించమన్నా.