ఇంటి సందులన్నీ మూసి కరెంటు ఖర్చు తగ్గిస్తామనే ప్యాకేజీ విషయంలో జాగ్రత్త

ఏసీ ఖర్చు తగ్గిస్తామని, దాంతోపాటు ఇంట్లో గాలిని కూడా శుభ్రపరుస్తామని చెప్పి రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మేవారి దగ్గర పని చేయించుకోబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మాకు పని చేసిన సంస్థ పేరు చెప్పడం లేదు. మీ ఇంటికి వచ్చేవారు వేరే ఎవరైనా కావచ్చు కనుక, పని ఎక్కడెక్కడ చెడిందో వివరంగా చెబితేనే మీకు ఉపయోగం.

ఒప్పందంలో మూడు పనులు ఉన్నాయి: తలుపులు, కిటికీల చుట్టూ రబ్బరు పట్టీలు అతికించి గోడల్లోని సందులను సిలికాన్‌తో పూడ్చడం, పైకప్పు కింద మెరిసే ఫాయిల్ పొర వేయడం, పడకగదిలో ఒక ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టడం. రెండు రోజుల్లో అంతా పూర్తయింది. మొదటి నెల బిల్లు కొంత తగ్గిన మాట నిజమే, అది దాచిపెట్టను. ఏసీ వేసిన ఇంట్లో చల్లగాలి సందుల్లోంచి బయటికి పోతూ, బయటి వేడిగాలి లోపలికి వస్తూ ఉంటే కరెంటు వృథా అవుతుంది కనుక, సందులు మూయడం దానికదిగా మంచి పనే. అయితే ఆ సందుల్లోంచే అన్నాళ్లూ మాకు తెలియకుండా ఇంట్లోకి తాజా గాలి వచ్చేదని, దాన్ని ఆపినప్పుడు మరో దారి ఏర్పాటు చేయాలని వాళ్లు చెప్పలేదు, అడగాలని మాకు తెలియలేదు.

మూడో వారం నుంచి ఇంట్లో అందరికీ లేవగానే తల దిమ్ముగా ఉండేది. తెల్లవారుజామున కిటికీ అద్దం లోపలివైపు నీటి చుక్కలు జారి, కింది చెక్క ఉబ్బి, రెక్క బిగుసుకుపోయింది. బీరువా జరిపి చూస్తే వెనక గోడ మీద ఆవగింజలంత నల్లటి చుక్కలు గుంపులుగా ఉన్నాయి. వేలితో రాస్తే మసిలా అంటుకుంది, చెమ్మ వాసన వచ్చింది. మనుషుల ఊపిరి, స్నానం, వంట, ఆరేసిన బట్టలు, వీటన్నిటి నుంచి వచ్చే ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లటి గోడల మీద చేరి బూజుగా మారింది. గది గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం నిలిస్తే బూజుకు అనువుగా ఉంటుంది. తెలిసినవారి దగ్గర కార్బన్ డయాక్సైడ్ మీటరు తెచ్చి పెడితే తెల్లవారేసరికి 2,600 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 2,600 భాగాలు) చూపింది. బయటి గాలిలో ఇది 420 పీపీఎం పైచిలుకు ఉంటుంది. గదిలో 1,000 దాటితే గాలి సరిగా మారడం లేదనడానికి గుర్తుగా తీసుకుంటారు. కిటికీ నాలుగు వేళ్ల మందం తెరిచి పడుకున్న మర్నాడు అదే మీటరు 900 లోపు చూపింది. మీటరు కొనేవారికి ఒక మాట: చౌక మీటర్లలో కొన్ని వేరే వాయువులను కొలిచి కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగట్టి చూపుతాయి. పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సరు ఉన్నదే తీసుకోండి.

ఇక ప్యూరిఫయర్ సంగతి. అది నడుస్తున్నంతసేపూ జిరాక్స్ మెషీను పక్కన నిలబడితే వచ్చేలాంటి ఘాటు వాసన వచ్చేది. దాన్ని పరిశుభ్రతకు గుర్తుగా చెప్పారు. పుస్తకంలో చిన్న అక్షరాల్లో ‘క్రియాశీల ఆక్సిజన్’ అని ఉంది. అది ఓజోన్‌కు పెట్టిన మంచి పేరు మాత్రమే. ఓజోన్ ఊపిరితిత్తులకు చికాకు కలిగించే వాయువు, ఉబ్బసం ఉన్నవారికి మరీ హాని. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇళ్లలో వాడే గాలి శుద్ధి యంత్రాల నుంచి వెలువడే ఓజోన్‌కు 0.050 పీపీఎం పరిమితి పెట్టింది కూడా అందుకే. మా అమ్మగారి దగ్గు ఆ యంత్రం ఆపిన వారంలో తగ్గింది. దుమ్ము కణాలకు హెపా ఫిల్టరు చాలు, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను 99.97 శాతం ఆపగలిగితేనే ఆ పేరు పెట్టాలి. దాంతోపాటు యంత్రం గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకె మీ గది పరిమాణానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఎంత మంచి ఫిల్టరైనా తేమను గానీ, కార్బన్ డయాక్సైడ్‌ను గానీ, కార్బన్ మోనాక్సైడ్‌ను గానీ తీసివేయలేదు.

ఫాయిల్ గురించి క్లుప్తంగా చెబుతాను. అమ్మకం రోజున వేడి దీపం ముందు రేకు పట్టుకుని, వెనక చెయ్యి పెట్టి చూడమన్నారు. చెయ్యి చల్లగానే ఉంది. ఆ ప్రదర్శనలో దీపానికీ రేకుకూ మధ్య ఖాళీ ఉంది. మా ఇంట్లో రేకును పైకప్పుకూ కింది పలకకూ మధ్య అటూ ఇటూ ఖాళీ లేకుండా నొక్కి అతికించారు. మెరిసే పొర ఆపేది వికిరణంగా, అంటే తాకకుండానే కిరణాల రూపంలో వచ్చే వేడిని. దానికి ఒకవైపైనా గాలి ఖాళీ ఉండాలి, లేకపోతే లోహం గుండా వేడి నేరుగా దిగిపోతుంది.

నన్ను ఇప్పటికీ భయపెడుతున్నది స్నానాల గది. అక్కడ గ్యాస్ గీజర్ ఉంది. తలుపు పైనున్న వెంటిలేటర్‌ను కూడా వాళ్లు ‘సందు’గా లెక్కగట్టి పలక పెట్టి, సిలికాన్ పూసి మూసేశారు. గీజర్ సర్వీసింగుకు వచ్చిన మెకానిక్ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమని, అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగను గీజర్ పొగగొట్టం మొదట్లో పట్టుకున్నాడు. పొగ గొట్టంలోకి ఎక్కకుండా వంగి మా ముఖాల మీదికి వచ్చింది. బిగించిన ఇంట్లోంచి ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే, ఆ లోటు పూడ్చడానికి గాలి మరో దారి లేక పొగగొట్టంలోంచే వెనక్కి దిగుతోందని వివరించాడు. అలా దిగే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఏం జరుగుతోందో తెలియకుండానే స్పృహ కోల్పోతాడు. మా పిల్లలు తలుపు వేసుకుని స్నానం చేసే గది అది.

కనుక ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏ సందు మూస్తారో, ఏది మూయకూడదో ఇంటి పటం మీద గుర్తు పెట్టించుకోండి. తాజా గాలి ఏ దారిన, ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఫ్యాన్‌తోనా, బయటికి పోయే గాలి చల్లదనాన్ని లేదా వెచ్చదనాన్ని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రంతోనా అన్నది ఖర్చును బట్టి తరువాత తేల్చుకోవచ్చు. తలుపుకు ఫ్యాను బిగించి, 50 పాస్కల్ పీడన తేడా దగ్గర గాలి ఎంత కారుతుందో కొలిచే పరీక్ష పనికి ముందొకసారి, తరువాతొకసారి చేయమనండి. మా ఇంట్లో ఒక్కసారి కూడా కొలవలేదు. పని ముగిసిన సాయంత్రమే ‘సంతృప్తికరం’ అని మా చేత సంతకం తీసుకున్నారు, తరువాత ప్రతి ఫిర్యాదుకూ ఆ కాగితమే చూపారు. కనీసం నెల గడిచాక గానీ అటువంటి కాగితం మీద సంతకం చేయకండి.

ప్యూరిఫయర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఫాయిల్ గురించి ఇంకా సమాధానం రాలేదు. వెంటిలేటర్ పలకను మేమే కోయించి తీయించాము, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాము. మీ ఇంట్లో ఇలాంటి పని ఇప్పటికే జరిగి ఉండి, గ్యాస్‌తో నడిచే గీజర్ కూడా ఉంటే, ఆ గది వెంటిలేటర్ తెరిచి ఉందో లేదో ఈ రోజే, ఎవరూ స్నానానికి వెళ్లకముందే చూడండి.