ట్రాక్టర్ టైర్ల దుకాణం: పని బాగుంది, బిల్లు మాత్రం చూసుకోండి

యాసంగి దమ్ములు మొదలయ్యేలోపు ట్రాక్టర్ వెనక టైర్లు రెండూ మార్పిద్దామని పోయిన నవంబర్‌లో వరంగల్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. పేరు రాయను, రాస్తే ఈ పని ఆ ఒక్క సేటే చేస్తున్నట్టు ఉంటుంది.

ముందు మంచి చెప్తా. ఫిట్టింగ్ చేసే పిల్లగాడు పనిమంతుడు. రిమ్ము తుప్పు గీకి, ట్యూబు మడత పడకుండా సర్ది, నీళ్లు పట్టించి, గాలి చూసి మరీ పంపించాడు. స్టాకు కూడా కొత్తదే.

గొడవంతా రేటు కాడ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, రెండేళ్ల కింద అదే దుకాణంలో అదే సైజు టైరు మా తమ్ముడు కొన్న బిల్లు జేబులో పెట్టుకొనే పోయాను. అప్పుడు టైరు 18,000, పన్ను 3,240, మొత్తం 21,240. సేటు ఇప్పుడు "అన్నా, పన్ను తగ్గింది, నీకు 20,475కే ఇస్తున్నా" అన్నాడు. పన్ను ఒక్కటే తగ్గితే 18,900కు రావాలి. లెక్క తీస్తే అసలు ధర 19,500 అయి కూర్చుంది. పన్నులో తగ్గిందాంట్లో సగానికి పైగా ధరలో కలిసిపోయింది. అడిగితే కంపెనీ పెంచిందన్నాడు. పెంచి ఉండొచ్చు కూడా, రెండేళ్లు అయింది మరి, కానీ పాత బిల్లు బయటికి తీయగానే అదే టైరు 18,500కు ఎట్లా దిగింది? పన్నుతో 19,425, రెండింటికి 38,850 కట్టాను.

ఇంకో మాట, బిల్లు వద్దంటే ఇంకో ఐదొందలు తగ్గిస్తానన్నాడు. కచ్చా చిట్టీతో టైరు పగిలితే వారంటీ ఎవరిని అడగాలి? వ్యాపారులకైతే కట్టిన జీఎస్టీలో వెనక్కి పట్టుకునే దారి ఉంది, పంట అమ్ముకునే రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు కాబట్టి ఆ దారీ లేదు, కట్టింది మన నెత్తినే. అందుకే ఈ తగ్గింపు మనదాకా రావాలంటే పన్ను వేరుగా, ధర వేరుగా రాసిన పక్కా బిల్లు అడగాలి. డ్రిప్పు, స్ప్రింక్లర్లు, స్ప్రేయర్లు కొనేవాళ్లు కూడా చూసుకోండి, అవి 12 నుంచి 5కు వచ్చాయి. పత్తికి కొట్టే రసాయన పురుగుమందులు మాత్రం 18లోనే ఉన్నాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. పత్తి అంటే గుర్తొచ్చింది, అదే ఏడాది ఆగస్టులో బయటి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం డిసెంబర్ ఆఖరుదాకా ఎత్తేశారు, అంటే సరిగ్గా మనం ఏరి మార్కెట్‌కు తెచ్చే రోజుల్లో. బయటి పత్తి చౌకగా దిగి మన పత్తి రేటు పడితే, టైరు మీద మిగిలింది అక్కడ పోదా అని మా ఊళ్లో ఒకటే చర్చ.

మూడు స్టార్లు. ఆ పాత బిల్లు ఇంట్లో మర్చిపోయి పోయుంటే ఐదూ ఇచ్చేవాణ్ణేమో.