దోసె మెషీన్ కొంటే మాస్టర్ని మానిపించొచ్చా?

కౌంటరు మీద పెట్టుకునే ఆటోమేటిక్ దోసె మెషీన్ అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఒకటే: దోసెలు పోసే మాస్టరు జీతం మిగులుతుంది. బెంగళూరు మారతహళ్ళిలోనో బీటీఎంలోనో తెలుగు టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకి ఈ మాట బాగా ఊరిస్తుంది. పండక్కి ఊరెళ్ళిన మాస్టరు తిరిగొచ్చేదాకా పడే పాట్లు వాళ్లకి తెలుసు కదా. ఈ రివ్యూ ఏదో ఒక కంపెనీ మోడల్ గురించి కాదు. తిరిగే డ్రమ్ము మీదో, గుండ్రటి పెనం మీదో ఒక్కో దోసె పోసి, కాల్చి, గీరి, చుట్టి ఇచ్చే రకం మొత్తం గురించి.

ముందు లెక్క చూద్దాం. నిమిషానికో దోసె వస్తుందంటే గంటకి 60. మాస్టరు పెద్ద పెనం మీద వాయికి 8 పోస్తాడు. నీళ్ళు చల్లి తుడిచిన దగ్గర్నుంచి ప్లేట్లో వేసేదాకా 4 నిమిషాలు వేసుకున్నా గంటకి 120. పొద్దున్నే క్యూ కట్టే చోట ఒక్క మెషీన్‌తో సగం పనే అవుతుంది. రెండు పెడదామంటే కరెంటు చూసుకోవాలి. 1,500 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 3,000 వాట్లదైతే 13. అదే లైను మీద గ్రైండరు, ఫ్రిజ్ ఉంటే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు కట్టేసే స్విచ్చు) పడిపోతుంది. మామూలు ఇన్వర్టరు ఆ హీటర్‌ని మోయలేదు కాబట్టి గ్యాసు పొయ్యిని అమ్మేయకండి.

అసలు ఇబ్బందంతా పిండి దగ్గరే. పిండిని బట్టి మాస్టరు తన చెయ్యి మార్చుకుంటాడు. మెషీన్ దగ్గర మాత్రం పిండే మెషీన్‌కి తగ్గట్టు మారాలి. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, కాసిని మెంతులు, గుప్పెడు అటుకులు అన్న కొలత అలాగే ఉండొచ్చు. కానీ కాస్త బరక ఉన్నా నూక పిండి బయటికొచ్చే నాజిల్ దగ్గర చేరి ధార తెగుతుంది, దోసె మీద చారలు చారలుగా ఖాళీలొస్తాయి. మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టే పోయాలి.

తర్వాతది పులియడం. వేసవిలో 8 గంటల్లో పొంగే పిండి, బెంగళూరు డిసెంబరు రాత్రి 15 డిగ్రీలకి దిగితే 14 గంటలైనా కదలకపోవచ్చు. సరే, పొంగిందే అనుకోండి. పొంగిన పిండిలో గాలి ఎక్కువ. గిన్నెడు పిండి బరువు తగ్గుతుంది. మెషీన్లో పిండిని తోసే పంపు గిన్నెడునే కొలుస్తుంది, బరువుని కాదు. అందుకే నిన్నటి సెట్టింగ్‌లోనే ఇవాళ దోసె పల్చబడి చిల్లులు పడుతుంది. ట్యాంకులో పోసేముందు గరిటెతో బాగా కలిపి గాలి దించాలి. వేడికి దగ్గరగా ఉన్న ట్యాంకులో పిండి మళ్ళీ పొంగుతుంది కాబట్టి అరగంటకోసారి ఎవరో ఒకరు మూత తీసి చూడాలి. చూసి ఏం చెయ్యాలో తెలిసినవాడు మాస్టరే.

వేడి విషయంలో మాత్రం మెషీన్‌కే మార్కులు. పెనం 180 నుంచి 200 డిగ్రీల మధ్య ఉండాలి. మించితే పిండి అంటుకోకుండా దాన్ని పరిచే రోలరు వెంట ముద్దగా లేచొస్తుంది, తగ్గితే గీరేటప్పుడు చిరుగుతుంది. సెన్సరు దీన్ని మనిషి కంటే నిలకడగా పట్టుకుంటుంది, పిండి మారనంతవరకు యాభయ్యో దోసె కూడా మొదటిదాని రంగులోనే వస్తుంది. నాన్‌స్టిక్ పూత ఉంటే ఖాళీగా కాలనివ్వొద్దు, 260 డిగ్రీలు దాటితే పూత చెడుతుంది. కట్టేశాక పైపులో వేడినీళ్ళు పోసి కడగాలి, లేకపోతే పొద్దునకి పిండి గట్టిపడి పంపు తిరగదు.

'ఏఐ' అన్న స్టిక్కరు ఉన్నా చాలా మెషీన్ల లోపల ఉండేది వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు, టైమరు, మోటారు. తేల్చుకోవడం తేలికే. పులిసిన పిండి ఒకటి, అప్పుడే రుబ్బిన పిండి ఒకటి తీసుకుని ఒకే సెట్టింగ్‌లో పోయండి. రెండూ ఒకే రంగులో కాలవు. తేడా గమనించి మెషీన్ తనంతట తాను సమయం మారిస్తే ఆ స్టిక్కరుకి అర్థముంది. అదే సమయానికి గీరేస్తే మీరు కొంటున్నది మంచి టైమరు.

ఇక రవ్వ దోసె. పల్చటి పిండిని పైనుంచి విసిరితేనే ఆ జాలీ పడుతుంది, రోలరుతో రాదు. అల్లం, పచ్చిమిర్చి ముక్కలున్న పెసరట్టు పిండి నాజిల్లో ఇరుక్కుంటుంది. ఎర్ర కారం పూయడం, ఉల్లిపాయలు చల్లి నొక్కడం, ఉప్మా పెట్టి మడవడం చేత్తోనే చెయ్యాలి. ఆదివారం పొద్దున ఆంధ్రావాళ్లు అడిగేవి ఇవే మరి. ఇడ్లీ సంగతి వేరు. అచ్చులో పోసి ఆవిరి పట్టేదే కాబట్టి 2022లోనే బెంగళూరులో ఇడ్లీ ఇచ్చే యంత్రం నడిచింది.

ఉద్యోగాలు పోతాయా అన్నదానికి 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బర్న్ వేసిన అంచనాలో రెస్టారెంటు వంటవాళ్ల పని యంత్రాలకి పోయే అవకాశం 96 శాతం. 'వంటవాడు' అని ఒక్క పేరు పెడితే అలాగే కనిపిస్తుంది. మన పొయ్యి దగ్గర రుబ్బడం, పిండి చూడటం, పోయడం, పూర్ణం పెట్టడం, ఆర్డర్ల వరస పట్టడం వేరువేరు పనులు. రుబ్బడం ఏనాడో వెట్ గ్రైండరుకి పోయింది. బిల్లింగ్ కుర్చీ క్యూఆర్ కోడ్‌తో ఇప్పుడు పోతోంది. దోసె మెషీన్ తీసుకునేది సాదా దోసె పోయడాన్ని. అది మాస్టరు పనిలో చిన్న ముక్కే, హెల్పరుకి మాత్రం అదే బడి. గిరాకీ లేని మధ్యాహ్నం నాలుగు సాదా దోసెలు పోస్తూనే వాడు చెయ్యి తిప్పడం నేర్చుకుంటాడు. ఆ నాలుగూ మెషీన్‌కి ఇచ్చేస్తే మాస్టరు ఉద్యోగం ఇవాళ్టికి భద్రమే, రేపటి మాస్టరే ఉండడు. అమ్మేవాళ్ల కాగితం మీద ఈ ఖర్చు కనపడదు.

పీజీ హాస్టళ్ళకి, ఒకే రకం దోసె పెట్టే ఆఫీసు క్యాంటీన్లకి కొనొచ్చు. కారం దోసె, పెసరట్టు మీద పేరున్న సెంటర్‌కి వద్దు. అయినా కొనాలనుకుంటే మీ పిండి ఐదు లీటర్లు డెమోకి పట్టుకెళ్ళండి. వాళ్ల పిండితో చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆపకుండా అరగంట నడిపించి మొదటి దోసెని కాదు, ఇరవయ్యోదాన్ని తినండి. గీరే బ్లేడు ధరెంతో, పంపు చెడితే బెంగళూరులోనే బాగుచేసే మనిషి ఉన్నాడో లేదో రాయించుకోండి.