డిసెంబర్‌లో స్కీయింగ్: గుల్‌మర్గా, ఔలీనా, సోలాంగా, అల్మాటీనా?

కార్తీక మాసం వచ్చిందంటే మా బెజవాడలో రోడ్ల పక్కన స్వెటర్ల కొట్లు వెలుస్తాయి, మా ఇంట్లో బావమరిది ఫోన్లు మొదలవుతాయి. "బావా, ఈసారి క్రిస్మస్ సెలవులకి స్కీయింగ్‌కి పోవాల్సిందే. గుల్‌మర్గ్ ఫిక్స్." తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే మంకీ క్యాప్ పెట్టుకుని పాల ప్యాకెట్ తెచ్చే మనిషి వాడు. అయినా వాడు తెచ్చిన ప్రశ్న చిన్నదేం కాదు. డిసెంబర్ 20కీ 30కీ మధ్య, అంటే అక్కడ సీజన్ ఇంకా సరిగ్గా మొదలుకాని రోజుల్లో, స్కీయింగ్ రాని నలుగురు పెద్దలూ ఇద్దరు పిల్లలూ ఎక్కడికెళ్తే డబ్బులు దండగ కాకుండా ఉంటాయి?

ఈ లెక్క వేసుకోకుండా నేనొకసారి డిసెంబర్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయకి వెళ్ళొచ్చాను. కొండ మొత్తం గోధుమరంగులో ఎండిపోయి ఉంది. ఒక మూల నీడలో మాత్రం ఐదు సెంట్ల స్థలమంత మంచు మిగిలింది, దాని మీద రెండొందల మంది. ఒక కుర్రాడు మాకు బూట్లు తొడిగాడు. లోపల అంతకుముందు వేసుకున్నవాళ్ళ తడి అలాగే ఉంది, ఒక బూటుకి బకిల్ పట్టకపోతే నైలాన్ తాడుతో కట్టాడు. పది అడుగులు జారాను, బురదలో ఆగాను, ఫోటో తీశాడు, "బస్ సార్, హో గయా" అన్నాడు. మా అమ్మాయి అప్పటి ఫోటోని ఇప్పటికీ "నాన్న వరి నాట్లు" అంటుంది.

తప్పు సోలాంగ్‌ది కాదు, నాది. డిసెంబర్ మంచు ఎలా పడుతుందో తెలుసుకోకుండా పోయాను. మనకి బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో, హిమాలయాలకి చలికాలంలో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అలాగ. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్ దాటుకుని వస్తుంది. వస్తే కుమ్మేస్తుంది, రాకపోతే లేదు. మన తుపానులాగే, క్యాలెండర్ చూసుకుని రాదు. 2023 చివర్లో సరిగ్గా అదే జరిగింది. 2024 జనవరి మొదట్లో కూడా గుల్‌మర్గ్‌లో గడ్డి కనిపిస్తూ ఉంది, నెలాఖరుకి గానీ మంచు పడలేదు. మరుసటి డిసెంబర్ దానికి పూర్తిగా తలకిందులు. 2024 చివరి వారంలో కశ్మీర్‌లో ఎంత పడిందంటే శ్రీనగర్ విమానాలు రద్దయ్యాయి, మనాలి వైపు సోలాంగ్‌కీ అటల్ టన్నెల్‌కీ మధ్య వందల కొద్దీ బండ్లు రాత్రంతా ఇరుక్కుపోయాయి. కాబట్టి "పోయిన ఏడాది మా ఫ్రెండ్ వెళ్ళాడు, సూపర్‌గా ఉంది" అనే మాటకి డిసెంబర్ విషయంలో విలువ లేదు.

అందరూ ముందు తలుచుకునేది గుల్‌మర్గ్. న్యాయమే, మన దేశంలో స్కీయింగ్‌కి దాన్ని మించిన చోటు లేదు. ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. మన రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన అర్మ కొండ 1,680 మీటర్లు, అంటే దాని నెత్తిన ఇంకో వెయ్యి మీటర్లు పేర్చాలి. అక్కడి నుంచి గొండోలా, అంటే కేబుల్ కార్, మొదటి దశ కొంగ్‌డూరి దాకా, సుమారు 3,100 మీటర్లకి తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్లకి. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. కింద హోటల్ దగ్గర 2 డిగ్రీలుండి చినుకులు పడుతుంటే, అదే గంటలో పైన మైనస్ 6 ఉండి మంచు పేరుకుంటుంది.

సీజన్ తొలిరోజుల్లో వచ్చే చిక్కంతా ఇక్కడే. మంచు పైన ఉంటుంది, నేర్చుకునే స్లోపు కింద ఉంటుంది. "పైన ఉందిగా బావా, పైకే పోదాం" అన్నాడు మావాడు. పోవచ్చు. కానీ మనలాంటి కొత్తవాడు గొండోలాలో ఎక్కితే అందులోనే దిగాలి, స్కీ మీద కాదు. అఫర్వత్ వాలు చదును చేసి జెండాలు పాతిన బాట కాదు, ఉన్నదున్నట్టు వదిలేసిన కొండ. ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు గైడ్‌ని పెట్టుకుని, కొండ మీది మంచు విరిగి జారిపడే హెచ్చరికలు చూసుకుని దిగుతారు. 2024 ఫిబ్రవరిలో అలా దిగుతూ మంచు విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. రీల్స్‌లో మనవాళ్ళు చూసి మురిసిపోయే పొడి మంచు అదే, మనకి అక్కరకి రానిదీ అదే.

మరి డిసెంబర్‌లో కొత్తవాళ్ళకి గుల్‌మర్గ్ పనికిరాదా అంటే, వస్తుంది, ఒక సంగతి గుర్తుపెట్టుకుంటే. గుల్‌మర్గ్ అంటేనే పూల మైదానం. గోల్ఫ్ కోర్సు చుట్టుపక్కల వాలు అంతా గడ్డి, రాళ్ళు తక్కువ. రాతి నేల మీద స్కీ ఆడాలంటే మూడు నాలుగు అడుగుల మంచు కావాలి, గడ్డి మీద అడుగో అడుగున్నరో గట్టిగా తొక్కి పెడితే సరిపోతుంది. ఒక్క మంచి వాన... వాన కాదు, మంచు, పడితే చాలు, కింద నేర్చుకోవచ్చు. పడకపోతే మొదటి దశ గొండోలా ఎక్కి కొంగ్‌డూరి దగ్గర ప్రయత్నించాలి. అందుకని రెండు రాత్రుల ప్యాకేజీ తీసుకోవద్దు. నాలుగైదు రాత్రులుంటేనే ఒక వెస్టర్న్ డిస్టర్బెన్స్ మీ మీదుగా పోయే అవకాశం ఉంటుంది. గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, సెలవుల్లో అయిపోతాయి. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు, అదో బెంగ.

వెళ్ళడం కష్టమేం కాదు. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి శ్రీనగర్, తర్వాత యాభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. మంచు పడి ఉంటే తంగ్‌మర్గ్‌లో దిగి చెయిన్లు కట్టిన బండి ఎక్కాలి. టైముండి రైలు మోజు ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. మన మీదుగా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో కాట్రా వరకు వెళ్ళి, 2025 జూన్‌లో మొదలైన వందే భారత్‌లో చీనాబ్ వంతెన మీదుగా శ్రీనగర్ చేరొచ్చు. నదికి 359 మీటర్ల ఎత్తున రైల్లో కూర్చోవడం ఒక్కటే ఆ రెండు రోజుల ప్రయాణానికి సరిపోతుందని నా అభిప్రాయం, మా ఆవిడ అభిప్రాయం వేరు. ఒకటి మాత్రం మర్చిపోకండి, ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ అంటే నాకు వేరే ఇష్టం. స్లోపు మీద నిలబడితే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. కొత్తవాళ్ళకి వాలు కూడా గుల్‌మర్గ్ కన్నా తిన్నగా, సాఫీగా ఉంటుంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ వాళ్ళు ఏడు రోజులు, పద్నాలుగు రోజుల కోర్సులు పెడతారు. అయినా డిసెంబర్‌కి వద్దు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు. అవి ఉండి కూడా 2023లో ఫిబ్రవరి నెల జాతీయ పోటీలే మంచు చాలక రద్దయ్యాయి. ఫిబ్రవరిలోనే అలా ఉంటే డిసెంబర్ సంగతి చెప్పేదేముంది. పైగా నేల కుంగుతోందని జోషీమఠ్ నుంచి ఔలీకి పోయే రోప్‌వే 2023 జనవరిలో ఆగింది. రుషికేశ్ నుంచి 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఆపైన ఇంకో 16. చిన్నపిల్లలతో ఒక పూర్తి రోజు వాంతులకే పోతుంది.

సోలాంగ్ గురించి చెప్పాల్సింది ముందే చెప్పేశాను. మంచు చూడాలి, పట్టుకోవాలి, ముద్దలు చేసి విసురుకోవాలి అంటే మనాలి భేష్. సోలాంగ్‌లో లేకపోతే 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి సిస్సూ వైపు వెళ్తే దొరుకుతుంది. 2020లో టన్నెల్ తెరిచినప్పటి నుంచి డిసెంబర్‌లో జనమంతా అటే పోతున్నారు. కానీ అది స్కీయింగ్ కాదు.

ఇక అల్మాటీ. ఈ పేరు చెప్పగానే మా అత్తయ్యగారు "అదెక్కడ? కర్ణాటకలో ఆల్మట్టి డ్యామా?" అన్నారు. కాదండీ, కజకిస్థాన్. మనకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ వెసులుబాటు 2022 నుంచి ఉంది. ఢిల్లీ నుంచి ఎయిర్ అస్తానా నేరుగా తీసుకెళ్తుంది. నగరం నడిబొడ్డు నుంచి 12వ నంబర్ సిటీ బస్సు ఎక్కితే మెదేవ్ ఐస్ మైదానం దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి నాలుగున్నర కిలోమీటర్ల కేబుల్ కార్, దిగితే షిమ్‌బులాక్ అనే స్కీ రిసార్ట్. బెంజ్ సర్కిల్లో బస్సెక్కి మంగళగిరిలో దిగి కొండెక్కినంత పని.

ఇక్కడో విచిత్రం ఉంది. షిమ్‌బులాక్ అడుగు 2,260 మీటర్లు, అంటే గుల్‌మర్గ్ ఊరి కన్నా తక్కువ. పై కొస 3,200, అంటే కొంగ్‌డూరికి కొంచెం పైన. ఎత్తు చూసి మావాడు పెదవి విరిచాడు. నేను అట్లాస్ తీసి చూపించాను. మన విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుల్‌మర్గ్ 34, అల్మాటీ 43. ఆ తొమ్మిది డిగ్రీలు ఎత్తులో లోటుని తీర్చేస్తాయి. చలి ముందే వస్తుంది, వచ్చాక పోదు. ఆ చలి ఉంటేనే మంచు యంత్రాలు కూడా పనిచేస్తాయి. నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి కొడతాయి, గాలి చల్లగా, పొడిగా ఉంటే ఆ తుంపర నేల చేరేలోపు గడ్డకడుతుంది. మబ్బు సాయం లేకపోయినా కింది స్లోపులు నింపేస్తారు. మామూలుగా డిసెంబర్ మొదట్లోకల్లా లిఫ్టులు తిరగడం మొదలవుతుంది. మన ప్రయాణం ఇరవయ్యో తేదీన కదా, టెన్షన్ లేదు.

ఇబ్బందులు లేవని కాదు. నేర్పేవాళ్ళలో చాలామందికి రష్యన్, కజక్ తప్ప రావు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళని ముందే అడిగి పెట్టుకోవాలి. గుల్‌మర్గ్‌లో అయితే "ఘుట్నా మోడో" అంటే అర్థమవుతుంది, మోకాలు వంచుతాం. తిండి దగ్గర గుర్రం మాంసం మామూలు విషయం, ఏది తింటున్నామో అడిగి తినాలి. శాకాహారులు గోంగూర సీసా వెంట తీసుకెళ్ళడమే క్షేమం. ఇక ఖర్చు. ఎక్కువే. కానీ క్రిస్మస్ వారంలో గుల్‌మర్గ్ హోటళ్ళ రేట్లు చూశాక ఆ తేడా మేం భయపడినంత అనిపించలేదు.

ఎక్కడికెళ్ళినా బూట్ల గురించి ఒక మాట. మనం ఏడాది పొడుగునా చెప్పులేసుకుని తిరిగే మనుషులం, పాదం ముందు భాగం వెడల్పు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డబ్బా. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందుకి తగలాలి, మోకాళ్ళు వంచగానే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. చలి కదా అని రెండు జతల సాక్సులు తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒకటే జత, ఉన్నిది. జీన్స్ వేసుకోవద్దు, ఒక్కసారి పడితే తడుస్తుంది, సాయంత్రం దాకా ఆరదు. పిల్లలకి గ్లవ్స్ సరిపోతున్నాయో లేదో చూడాలంటే హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌లో ఒక గంట తిప్పితే తెలిసిపోతుంది.

కాబట్టి క్రిస్మస్ సెలవులే ఖాయమైతే, వెళ్ళేవాళ్ళు కొత్తవాళ్ళైతే, పాస్‌పోర్టులుంటే నా ఓటు షిమ్‌బులాక్‌కే. పాస్‌పోర్టు లేదంటే గుల్‌మర్గ్, కానీ నాలుగు రాత్రులకి తక్కువ కాకుండా, కొంగ్‌డూరి దాకా చాలు అనుకుని. సెలవులు జరుపుకోగలిగితే లెక్క మొత్తం మారుతుంది. కశ్మీర్‌లో చిల్లై కలాన్ అనే నలభై రోజుల గడ్డు చలి డిసెంబర్ 21న మొదలై జనవరి 30 దాకా ఉంటుంది. దాని మొదటి వారంలో వెళ్ళేకన్నా చివర్లో వెళ్ళడం వెయ్యి రెట్లు మేలు, అప్పుడు గుల్‌మర్గ్ ముందు ఇంకేదీ ఆనదు. సంక్రాంతి సెలవుల్లో పోదామా అని ఒక్కసారి నోరు జారాను. "పండక్కి అల్లుడు ఇంట్లో లేకుండా మంచుగడ్డల్లో ఉంటాడా?" అని అత్తయ్యగారు అరిసెల చట్రం చేతిలో పట్టుకునే అడిగారు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

అల్మాటీ అని తేల్చాం. ఆరుగురిలో ఐదుగురికి పాస్‌పోర్టులున్నాయి. లేనిది గుల్‌మర్గ్ ఫిక్స్ అన్నవాడికే. వచ్చే సోమవారానికి స్లాట్ దొరికింది.